నాపరాతిలో తెల్లని చారలు

రాయలసీమ పాత ఇళ్ల అరుగుల్లో, గచ్చుల్లో కనిపించే నాపరాయి సున్నపురాయి జాతికి చెందిన అవక్షేప శిల. భూవిజ్ఞాని విలియం కింగ్ 1872లో ప్రచురించిన కడప, కర్నూలు శిలాశ్రేణుల అధ్యయనం దీని శాస్త్రీయ పరిచయానికి పునాది వేసింది. భూవిజ్ఞానులు ఇందులో ప్రధానమైన పొరను నర్జి సున్నపురాయి అంటారు. బెలుం గుహలు తొలిచినట్టుగా ఏర్పడింది ఈ రాతిలోనే.

ఒకనాటి సముద్రం అడుగున సన్నని సున్నపు బురద పొర మీద పొరగా పేరుకుని, పై బరువుకు బిగిసి రాయైంది. గని పనివారు ఉలితో బండలను పలకలుగా విడదీయగలిగేది ఆ పొరల వల్లనే. రాతికి నలుపు, బూడిద రంగులు ఎక్కువగా అందులో కలిసిన కర్బన పదార్థం నుంచి వస్తాయి.

తెల్లని చారల కథ ఆ తరువాతిది. భూమి కదలికలకు గట్టిపడిన రాయి బీటలు వారింది. బొగ్గుపులుసు వాయువు కలిసిన నీరు సున్నపురాతిని కరిగించుకుంటూ ఆ బీటల్లోకి చేరింది. ఆ నీటిలో కరిగిన సున్నపు పదార్థం అక్కడ కాల్సైట్ ఖనిజ స్ఫటికాలుగా పేరుకుని సందులను పూడ్చింది. అందుకే చార ఎప్పుడూ తాను చీల్చుకుపోయిన పొర కన్నా వయసులో చిన్నది. ఒక చారను మరొకటి కోసుకుపోతే, కోసినదే తరువాత పుట్టినది.

చార పలుగురాయి కాదు, కాల్సైటే అని తేల్చుకోవడానికి రెండు పరీక్షలు చాలు. కాల్సైట్ గట్టిదనం మోస్ కొలమానంలో 3, కనుక చాకుమొనతో గీత పడుతుంది. పలుగురాయి గట్టిదనం 7, దానిపై గీత పడదు. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే రాయీ చారా రెండూ నురగలు కక్కుతాయి. పలుగురాయిలో చలనం ఉండదు. డోలమైట్ మాత్రం పొడి చేస్తేనే బాగా పొంగుతుంది. నున్నగా మెరిసే చారల బండను చాలామంది పాలరాయి అనుకుంటారు. వేడికి, ఒత్తిడికి సున్నపురాయి మళ్లీ స్ఫటికీకరించుకుంటేనే పాలరాయి అవుతుంది. అప్పుడు విరిగిన చోట చక్కెర పలుకుల్లాంటి రేణువులు కనిపిస్తాయి. నాపరాతి విరుపు నున్నగా ఉంటుంది, రేణువులు కంటికి ఆననంత సన్నగా ఉంటాయి.

ఈ సన్నదనమే శిల్పికి వరమైంది. అమరావతి స్తూప శిల్పాలు, ఇక్ష్వాకుల కాలపు నాగార్జునకొండ ఫలకాలు పల్నాటి సున్నపురాతిలో చెక్కినవే. 1797లో సర్వేయర్ కాలిన్ మెకంజీ అమరావతిని చూశాక వెలుగులోకి వచ్చిన ఆ శిల్పాల్లో అనేకం నేడు చెన్నై, లండన్ మ్యూజియాల్లో ఉన్నాయి. కాల్చితే గోడకు సున్నమై, మట్టితో కలిపి బట్టీలో కాల్చితే సిమెంటై, చీలిస్తే నేలకు బండై తెలుగు నేలపై ఎన్నో నిర్మాణాలకు ఈ రాయి ఆధారంగా నిలిచింది.