నూటికి మూడు రూపాయలు: ఉత్తర తెలంగాణ దళితవాడల్లో ధరలు, వడ్డీ, ఇల్లు

ధరలు పెరిగితే అప్పు తేలికవుతుందని అర్థశాస్త్రం చెబుతుంది. వంద రూపాయలు అప్పు తెచ్చినవాడు రూపాయి విలువ పడిపోయాక అదే వంద తిరిగి కడతాడు కాబట్టి లాభం బాకీదారుదే అంటుంది. ఇల్లున్నవాడి ఆస్తి ధరలతో పాటే పెరుగుతుందని కూడా అంటుంది. పుస్తకంలో ఈ రెండు మాటలూ నిజమే. 2016కు ముందున్న కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల మాల, మాదిగ, నేతకాని వాడల్లో ఇవి ఎందుకు నిజం కాలేదన్నదే మా ప్రశ్న.

గింజల అప్పు, మనిషి తాకట్టు

నిజాం రాజ్యంలో దొర దగ్గర జీతమున్నవాడిని సర్కారు కాగితాలు భగేలా అన్నాయి, ఊరు జీతగాడన్నది. పెండ్లికో, చావుకో, కరువుకో తెచ్చిన కొద్ది పైసలకు మనిషే తాకట్టు. వాడు చేసే పని వడ్డీ కిందికి పోతది, అసలు అట్లనే ఉంటది. తండ్రి చనిపోతే కొడుకు ఆ జీతంలోకి వచ్చేవాడు. ఈ ఒప్పందాలను అదుపులో పెట్టడానికి 1936లో నిజాం ప్రభుత్వం ఒక నిబంధన తెచ్చింది. కానీ లెక్క రాసేది దొర మనిషే. ఫిర్యాదు పోవాల్సింది పటేలు, పట్వారీల దగ్గరికే. చదువు రానివాడికి ఆ నిబంధన ఉన్నట్టు తెలిసే దారే లేదు.

రెండోది నాగు. ఆకలి కాలంలో ఇచ్చిన గింజలను కోతల నాటికి సగం అదనంగా కలిపి కొలవాలె. నాలుగైదు నెలలకే నూటికి యాభై అన్నమాట. ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. ఈ అప్పు రూపాయల్లో లేదు, గింజల్లో ఉంది. ధాన్యం ధర పెరిగితే రూపాయల్లో ఉన్న అప్పు కరుగుతుంది గాని గింజల్లో ఉన్న అప్పు కరగదు, దాని విలువ ధరతో పాటే పెరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ధరలు పెరిగినప్పుడు, అమ్ముకోను ధాన్యమున్న రైతు పాత బాకీ తీర్చుకోగలిగాడు. జీతగాడికి అమ్ముకునేందుకు ఏమీ లేదు. అంతకుముందు 1929 మాంద్యంలో ధరలు పడిపోయినప్పుడేమో చిన్న రైతుల భూములు సాహుకార్ల చేతికి పోయాయి. ధర పడ్డా పెరిగినా లాభపడింది మాత్రం గరిసెలో గింజ నిలువ ఉన్నవాడే.

ఈ సంగతిని అర్థశాస్త్ర భాషలో చెప్పినవాడు అంబేద్కర్. 1923లో వెలువడిన ‘రూపాయి సమస్య’ గ్రంథాన్ని మనవాళ్లు తక్కువగా చదువుతారు. రూపాయి విలువ సరుకుల ధరలతో పోల్చినప్పుడు నిలకడగా ఉండాలన్నది ఆయన వాదం. రూపాయి విలువ తగ్గితే ధరలు పెరుగుతాయి, కూలి అంత తొందరగా పెరగదు, ఆ తేడా యజమాని లాభంలోకి పోతుందని ఆనాటి మారకం రేటు చర్చలో ఆయన ఎత్తిచూపాడు. ద్రవ్యోల్బణం కూలివాడి సమస్య అని మనం కొత్తగా కనిపెట్టింది కాదు.

చట్టం రాసింది, ఊరు రద్దు చేసింది

తెలంగాణలో వడ్డీ వ్యాపారికి లైసెన్సు ఉండాలన్న చట్టం ఫసలీ 1349 నాటిది. 1973, 74లలో దేశంలో ధరల పెరుగుదల 20 శాతం దాటింది. 1975 జూలైలో ఎమర్జెన్సీ ప్రభుత్వం ప్రకటించిన ఇరవై సూత్రాల్లో వెట్టిచాకిరి రద్దు, గ్రామీణ రుణభారం తొలగింపు, భూమిలేని వారికి ఇంటిజాగ మూడూ ఉన్నాయి. 1976 చట్టం వెట్టి బాకీలన్నీ రద్దయినట్టే అన్నది.

ఊర్లో ఆ మాట నిజం కావడానికి మరో దారి పట్టింది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. వెట్టి పోవాలె, కూలి పెరగాలె, దండుగల కింద వసూలు చేసిన పైసలు వాపసు ఇయ్యాలె, బంజరు పంచాలె అన్నవి ఆనాటి డిమాండ్లు. అక్టోబరు 20న సర్కారు సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అణచివేత ఎంత నడిచినా జీతం పాత పద్ధతిలో నిలవలేదు. రోజు కూలి, నగదు కూలి వచ్చింది. ఇది చిన్న విజయం కాదు. అయితే నగదు కూలితో బతికేవాడు బియ్యం, నూనె, మందు బజారు ధరకే కొనాలి. దొర పోయినచోట పట్నం ఫైనాన్సువాడు వచ్చి కూర్చున్నాడు.

రెండు రకాల వడ్డీ లెక్క

బ్యాంకు వడ్డీ ఏడాదికి, వాడలో వడ్డీ నెలకు. ‘నూటికి మూడు’ అంటే చిన్నగా వినబడుతుంది, ఏడాదికది 36 శాతం. ‘నూటికి ఐదు’ అంటే 60 శాతం. 1969లో 14 బ్యాంకులు జాతీయం అయ్యాయి. 1972లో బలహీనవర్గాలకు 4 శాతం వడ్డీతో రుణాల పథకం వచ్చింది. అందులో 40 శాతం ఎస్సీ, ఎస్టీలకు ఇవ్వాలన్నారు. కాగితం మీద వడ్డీ తక్కువే. కానీ బ్యాంకు గడప దగ్గర అడిగేది జామీను. వాడలోని ఇల్లు గ్రామకంఠంలో ఉంటుంది, దానికి విడిగా పట్టా లేదు. ఊరి రైతు ఇల్లు కూడా గ్రామకంఠంలోనిదే, అయితే అతనికి పొలం పట్టా ఉంది. ఆ ఒక్క కాగితమే ఒకరిని 4 శాతం దగ్గరికీ మరొకరిని 36 శాతం దగ్గరికీ పంపింది.

గల్ఫ్ పోవడానికి ఏజెంటుకు కట్టిన పైసలు ఎక్కువగా ఈ రెండో రకం అప్పే. 2004లో మహిళా సంఘాలకు పావలా వడ్డీ వచ్చింది. అది కొంత ఊపిరి పోసింది. ఆ పక్కనే సూక్ష్మరుణ కంపెనీలు వారం వారం వసూలుకు వచ్చాయి. ఆత్మహత్యల తర్వాత 2010 అక్టోబరులో రాష్ట్రం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. రిజర్వు బ్యాంకు 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రెపో రేటును 4 నుంచి 6.5 శాతానికి పెంచింది. పత్రికలు ఇంటి రుణాల కిస్తీల గురించి చాలా రాశాయి. నూటికి మూడు కట్టేవాడి గురించి ఎవరూ రాయలేదు, ఎందుకంటే ఆ రేటు ఏ రిజర్వు బ్యాంకూ నిర్ణయించింది కాదు.

జాగ ఎవరిది?

గల్ఫ్ పైసలు, బొగ్గు గనుల జీతాలు కలిసి కరీంనగర్, మంచిర్యాల చుట్టూ జాగల ధరలు పెంచాయి. దళితులకు సర్కారు ఇచ్చింది అసైన్డ్ జాగ. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మరాదు. ఇది రక్షణే, ఎత్తేస్తే రియల్ ఎస్టేటు ఏడాదిలో మింగుతుంది. కానీ చట్టం కన్నుగప్పి తెల్లకాగితం మీద చేతులు మారిన జాగల్లో ధర పెరిగిన లాభం కొన్నవాడిదే, నష్టం ఇచ్చినవాడిదే.

సర్కారు ఇల్లు కూడా ధరల లెక్క తప్పించుకోలేదు. 2015లో డబుల్ బెడ్‌రూం పథకంలో గ్రామంలో ఒక ఇంటికి పెట్టిన ఖర్చు 5 లక్షల 4 వేలు. 2024లో ఇందిరమ్మ ఇండ్లకు ప్రకటించింది 5 లక్షలు. ఈ మధ్యలో దేశంలో వినియోగదారుల ధరలు దాదాపు సగం పెరిగాయి. పైగా ఇందిరమ్మ ఇల్లు మొదటి విడతలో సొంత జాగ ఉన్నవారికే. జాగ లేనివాడు మళ్లీ వరుస చివరికే. 2021లో హుజూరాబాద్‌లో మొదలైన దళితబంధు 10 లక్షలను బ్యాంకుతో సంబంధం లేకుండా ఇచ్చింది. ఆ పథకం మీద ఎన్ని విమర్శలున్నా, దళితుడికి పెట్టుబడి వడ్డీ లేకుండా అందాలన్న సూత్రాన్ని అది ఒప్పుకున్నది.

కాబట్టి వడ్డీ రేటు తగ్గించమన్న డిమాండు ఒక్కటే మనకు సరిపోదు. గ్రామకంఠంలోని ప్రతి ఇంటికి ఆ ఇంటి ఆడమనిషి పేరున కాగితం కావాలి. ఇంటి సాయం, కూలి రెండూ ధరల సూచితో పాటే పెరగాలి. ఈ పని మనం లెక్కతోనే మొదలుపెట్టాలి. ఉపాధ్యాయులు, విద్యార్థులు తమ వాడలో ఇల్లిల్లూ తిరిగి మూడు సంగతులు రాయండి: అప్పు ఎవరి దగ్గర, ఏడాదికి ఎంత శాతం, ఇంటికి కాగితం ఎవరి పేర. పట్వారీ రాసిన లెక్కతో మన పెద్దలు తరతరాలు మోసపోయారు. ఈసారి లెక్క మన చేతిరాతలో ఉండాలి.