ఇల్లందుకు బండి రాదు

ఇల్లందు రైల్వేస్టేషన్‌కు ప్రయాణికుల బండి రావడం మానేసి చాలా ఏండ్లయింది. బండి ఆగింది గానీ మాట ఆగలేదు. "మీ నిజాం వేసిన రైలే గదా" అని ఒకాయన మెచ్చుకుంటాడు. "మీ నిజాం దోచుకున్నడు" అని ఇంకొకాయన దెప్పుతాడు. రెండు మాటల్లోనూ ఆ 'మీ' ఒక్కటే. మా వంశంలో నవాబు ఒక్కడూ లేడు. అయినా నిజాం ఖాతా మా ముందే తెరుస్తారు. ఆ ఖాతాలో అసలేం రాసుందో ఒకసారి చూద్దాం.

1871లో విలియం కింగ్ అనే ఆంగ్లేయుడు ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1874లో వాడి నుంచి హైదరాబాదుకు రైలు వచ్చింది. దాన్ని వరంగల్లు మీదుగా పొడిగించడానికి 1883లో లండన్ కంపెనీతో ఒప్పందం కుదిరింది. కంపెనీ పెట్టుబడికి ఏటా 5 శాతం వడ్డీ వస్తుందని నిజాం సర్కారు పూచీ పడింది. ఆ మేరకు లాభం రాకపోతే ఖజానా కట్టాలి. ఖజానా అంటే రైతు కట్టే శిస్తే.

ఈ ఒప్పందం వివరాలు జనానికి చెప్పాలని ఆనాడే కొందరు నిలదీశారు. చాందా రైల్వే ఆందోళన అంటే అదే. అందులో సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయ ఉన్నాడు. ఆయన పక్కనే ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఉన్నాడు. ఇద్దరినీ రాజ్యం దాటించారు. నిజాం సర్కారును నిలదీసి దేశబహిష్కారానికి గురైన ఈ ముసల్మాను పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఎంతమంది పిల్లలు చదివారు?

1886లో గనుల హక్కుల కోసం లండన్‌లోనే ఇంకో కంపెనీ పుట్టింది. 1889లో రైలు బెజవాడ చేరింది. ఆ దారిలోనే డోర్నకల్ దగ్గర చీలి ఒక పాయ ఇల్లందు గనులకు పోయింది. బొగ్గు కోసం వేసిన పాయ అది, మనుషులు దానిమీద ఎక్కి తిరిగారు. కంకర కొట్టినవాళ్లు, పట్టాలు మోసినవాళ్లు, ఇంజన్లో బొగ్గు వేసినవాళ్లు, గనిలో దిగినవాళ్లు - వాళ్లలో మాల మాదిగలున్నారు, లంబాడీలున్నారు, సాయిబులూ ఉన్నారు. మసి అందరి ముఖాల మీదా ఒక్కతీరుగనే పడింది. వాళ్లలాంటి శ్రామికుల్ని సంఘాల్లోకి కూడగట్టిన నాయకుల్లో మఖ్దూం మొహియుద్దీన్ ఒకడు. ఆయనా ముసల్మానే, నిజాంను ఎదిరించినవాడే.

1930లో నిజాం సర్కారు రైల్వేను కొనేసింది. 1950లో అది భారత ప్రభుత్వానికి పోయింది. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. యజమానులు ఎందరు మారినా ఇల్లందు పాయ బొగ్గు పాయగానే మిగిలింది. ప్రయాణికుల బండ్లు ఆగినంక కూడా బొగ్గు వ్యాగన్లు కదిలాయి. బొగ్గుకున్న విలువ మనిషికి లేకపోయింది. బస్సుకు పైసలు లేని కూలి ఏ మతం వాడైనా నష్టపోయింది ఒక్కటే.

నిజాం రైలును మేం పొగడం, దాచం. రాజు లెక్క రాజుది, కంపెనీ లెక్క కంపెనీది. మా లెక్కలో ఖయ్యూం ఉన్నాడు, మఖ్దూం ఉన్నాడు, పేరు తెలియని పట్టాల కూలి ఉన్నాడు. ఈసారి 'మీ' అన్నప్పుడు వీళ్లను గూడ కలిపి అనండి. అప్పుడది 'మన' అవుతుంది.