అడుగుల చప్పుడూ పాటలో భాగమే

మన కచేరీలో ఫిడేలు కొన విద్వాంసుడి కుడిపాదం మీద ఆనుకుని ఉంటుంది. ఆ పాదం కదలకూడదు. కెనడాలోని కేప్ బ్రెటన్ దీవిలో ఫిడేలు భుజానికెక్కుతుంది, వాయించే మనిషి కుర్చీలో కూర్చుంటాడు. కాళ్ళు ఖాళీ. ఆ కాళ్ళే తాళం వేస్తాయి. చెక్క నేల మీద ఆ దెబ్బ, దానికి జతగా నాట్యం చేసేవాళ్ళ బూట్ల చప్పుడు అక్కడి ప్రత్యక్ష రికార్డింగుల్లో స్పష్టంగా వినిపిస్తాయి. 2002లో స్మిత్‌సోనియన్ ఫోక్‌వేస్ తెచ్చిన ‘ద హార్ట్ ఆఫ్ కేప్ బ్రెటన్’ అలాంటి సీడీయే. స్టూడియోలో కాదు, సంగీతం పుట్టే చోటనే రికార్డు చేశారు.

దీని వేళ్ళు స్కాట్లండ్‌లో ఉన్నాయి. అక్కడ 18వ శతాబ్దంలో నీల్ గౌ (1727–1807) వంటి ఫిడేలు ఘనులు నాట్యాలకు వాయించేవారు. స్పే నది లోయ పేరు మీద వచ్చిన ‘స్ట్రాత్‌స్పే’ వాళ్ళ ప్రత్యేక గతి. పొట్టి స్వరం మీద కమాను చటుక్కున తెగి, ఆ వెంటే పొడుగు స్వరం సాగుతుంది. నడకలో చిన్న విరుపన్నమాట.

18వ శతాబ్దం చివరి నుంచి భూస్వాములు గొర్రెల మేపు కోసం స్కాట్లండ్ కొండసీమ రైతులను పొలాల నుంచి వెళ్ళగొట్టారు. గేలిక్ భాష మాట్లాడే ఆ జనం వేలల్లో ఓడలెక్కి కెనడాలోని నోవా స్కోషియా చేరారు. ఆ రాష్ట్రంలోదే కేప్ బ్రెటన్. 1955లో రోడ్డు కట్ట పడేదాకా దాన్ని ప్రధాన భూభాగంతో కలిపింది పడవలే. ఆ ఏకాంతంలో పాత బాణీ నిలిచింది. అలాగని గడ్డకట్టి ఉండిపోలేదు. పియానో తోడు ఇక్కడ చేరిందే. బాగా వాయిస్తే ‘బ్లాస్’ ఉందంటారు. గేలిక్‌లో ఆ మాటకు రుచి అని అర్థం, ఉచ్చారణ యాస అని కూడా.

1930ల నాటికి ఈ సంగీతానికి గ్రామఫోన్ రికార్డులు వచ్చాయి, కానీ ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాలే. నాట్యంలోనేమో స్ట్రాత్‌స్పేలు, వాటి వెంటే ‘రీల్’ అనే వేగమైన గతులు, వరస తెగకుండా సాగుతాయి. అందుకే హాల్లో జరిగే నాట్యాన్ని నేరుగా పట్టిన టేపుకు అంత విలువ.

1971లో కెనడా ప్రభుత్వ ప్రసార సంస్థ సీబీసీ తీసిన డాక్యుమెంటరీ కేప్ బ్రెటన్ ఫిడేలు కనుమరుగవుతోందంది. అక్కడి ఊళ్ళకు రోషం వచ్చింది. 1973లో ఆ దీవిలోని గ్లెండేల్‌లో జరిగిన ఫిడేలు ఉత్సవంలో వందమందికి పైగా ఫిడేళ్ళు పట్టుకుని వేదికెక్కారు.

ఈ బాణీలో పెద్ద పేరు బడ్డీ మెక్‌మాస్టర్ (1924–2014). వృత్తి రైల్వే స్టేషన్ ఉద్యోగం, రాత్రిళ్ళు నాట్యాలకు ఫిడేలు. తొలి ఆల్బమ్ 1989లో గానీ రాలేదు. అప్పటికి వయసు అరవైఅయిదు దరిదాపుల్లో. ఆయన్ని స్కాట్లండ్ పిలిపించుకుంది. స్కై దీవిలోని సబల్ మోర్ ఓస్టెగ్ గేలిక్ కళాశాలలో ఆయన పాఠాలు చెప్పారు. పూర్వీకులు మోసుకెళ్ళిన స్ట్రాత్‌స్పేను, పుట్టిన నేల మీదే కుర్చీ వేసుకుని, కాలితో తాళం వేస్తూ.