కాన్పుతో షుగర్ నిజంగా పోయిందా? ఒక రక్త పరీక్ష వెనక 200 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక రక్త పరీక్ష చరిత్ర చెప్తాను. గర్భిణులకు గ్లూకోజ్ నీళ్లు తాగించి రక్తం తీస్తారు కదా, అదే. ఎక్కువ మంది అది బిడ్డ కోసం అనుకుంటారు. కానీ దాని హద్దులు మొదట నిర్ణయించింది తల్లి భవిష్యత్తు చూసి.

1824, బెర్లిన్. బెన్నెవిట్జ్ అనే వైద్య విద్యార్థి తన థీసిస్‌లో ఒక కేసు రాశాడు. 22 ఏళ్ల అమ్మాయి, అప్పటికే అయిదో కాన్పు. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరేది కాదు. మూత్రంలో చక్కెర కనిపించింది. బిడ్డ బరువు 12 పౌండ్లు, అంటే అయిదు కిలోల పైమాటే. ఆ బిడ్డ దక్కలేదు. తల్లి బతికింది. కాన్పయ్యాక చక్కెర కూడా మాయమైంది.

1882లో లండన్ డాక్టర్ మాథ్యూస్ డంకన్ ఇలాంటి కేసులన్నీ ఒకచోట చేర్చాడు. ఇన్సులిన్ లేని రోజులవి. ఆ తల్లుల్లో, బిడ్డల్లో చాలామంది చనిపోయారు. ఆయన గమనించిన ముఖ్యమైన విషయం ఏంటంటే, కొందరికి ఈ జబ్బు గర్భంతో వచ్చి కాన్పుతో పోతుంది, కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది.

1922లో టొరంటోలో 14 ఏళ్ల అబ్బాయికి ఇన్సులిన్ ఇచ్చారు. అక్కడి నుంచి షుగర్ ఉన్న ఆడవాళ్లు కూడా బతికి బిడ్డల్ని కనడం మొదలైంది. ఇక మిగిలిన ప్రశ్న, గర్భంలో ఎంత షుగర్ ఉంటే ఎక్కువ అనాలి?

దానికి జవాబు 1964లో బోస్టన్ నుంచి వచ్చింది. డాక్టర్ జాన్ ఓసలివాన్, గణాంకవేత్త క్లేర్ మహాన్ కలిసి 752 మంది గర్భిణులకు 100 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి, మూడు గంటల పాటు రక్తంలో షుగర్ కొలిచారు. హద్దు ఎక్కడ గీయాలో తేల్చడానికి వాళ్లు చూసింది, కాన్పు తర్వాత ఏళ్లలో ఏ తల్లికి డయాబెటిస్ వచ్చిందీ అని. బిడ్డకు జరిగే నష్టాన్ని బట్టి హద్దులు పెట్టడం చాలా తర్వాతి మాట.

ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని కాబట్టి నాకు ఇది లోడ్ టెస్టింగ్‌లా కనిపిస్తుంది. గర్భంలో మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ని సరిగా పనిచేయనివ్వవు. క్లోమం మామూలు కన్నా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేయాలి. చేయలేకపోతే షుగర్ పెరుగుతుంది. కాన్పుతో లోడ్ దిగిపోతుంది, రీడింగ్ నార్మల్ అవుతుంది. కానీ సర్వర్ కెపాసిటీ ఎంతో మనకు తెలిసిపోయింది కదా!

మన దేశంలో ఈ పరీక్షను సులభం చేసింది చెన్నైకి చెందిన డాక్టర్ వీరాస్వామి శేషయ్య. దూరం నుంచి వచ్చిన గర్భిణిని పరగడుపున మళ్లీ రమ్మంటే చాలామంది రారు. అందుకే తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి, రెండు గంటలకు రక్తం చూడాలన్నారు. 140 లేదా అంతకు మించితే గర్భిణి డయాబెటిస్. మన జాతీయ మార్గదర్శకాలదీ ఇదే పద్ధతి: మొదటిసారి చూపించుకున్నప్పుడు ఒకసారి, నార్మల్ వస్తే 24-28 వారాల మధ్య ఇంకోసారి. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది.

ఈ ఎపిసోడ్ కోసం చదువుతూ మా అమ్మని అడిగాను, "నీకు షుగర్ ఎప్పుడు మొదలైందమ్మా?" అని. "నలభై అయిదో ఏట. నువ్వు కడుపులో ఉన్నప్పుడు కూడా కొంచెం వచ్చిందిలే, కాన్పుతో పోయిందన్నారు" అంది. మధ్యలో ఇరవై ఏళ్లు ఒక్క పరీక్ష లేదు. డంకన్ 1882లో రాసిన మాట మా వంటింట్లో వినిపించింది నాకు.

గర్భంలో షుగర్ వచ్చినవాళ్లకు తర్వాత టైప్ 2 డయాబెటిస్ వచ్చే ముప్పు మిగతావాళ్ల కన్నా కనీసం ఏడు రెట్లని 2009లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అయితే ఇది తలరాతేం కాదు. అమెరికాలో జరిగిన ఒక పెద్ద ప్రయోగంలో, గతంలో గర్భిణి డయాబెటిస్ వచ్చి, షుగర్ హద్దు దగ్గర ఉన్న ఆడవాళ్లు తిండి, నడక మార్చుకుంటే ముప్పు దాదాపు సగం తగ్గింది.

కాబట్టి గర్భంలో తేలితే భయపడకండి. చాలామందికి భోజనంలో మార్పు, నడకతోనే అదుపులోకి వస్తుంది. రాకపోతే డాక్టర్ ఇన్సులిన్ లాంటివి రాస్తారు. కాన్పయ్యాక ఇంటిల్లిపాదీ బిడ్డ చుట్టూ చేరతారు, బాలింత షుగర్ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆరు వారాలకు బిడ్డకు టీకా వేయిస్తారు కదా, తల్లికి గ్లూకోజ్ పరీక్ష చేయించాల్సింది కూడా అప్పుడే. నార్మల్ వచ్చినా ఏడాదికోసారి చూపించుకోండి.

మీ అమ్మనో, అక్కనో ఈ రోజే అడగండి, కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిందా అని. అవునంటే ఈ వారమే పరీక్ష చేయించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.