శాంతి కమిటీ వేరు, మొహల్లా కమిటీ వేరు

ఎక్కడ గొడవ జరిగినా మర్నాడు మా పెద్దల్ని స్టేషన్‌కి పిలుస్తారు. వొక ఇమాం సాబ్, వొక దుకాణదారు, వొక రాజకీయ నాయకుడు. అటు నించీ అలాంటివాళ్లే ఓ నలుగురు. చాయ్ తాగుతారు, 'మనమంతా భాయీ భాయీ' అంటారు, ఫోటో దిగుతారు. దాని పేరు శాంతి కమిటీ. ఇళ్లు కాలిపోయింది వేరేవాళ్లవి. వాళ్లనెవరూ పిలవరు. పైగా ఆ గదిలో అడుగుపెట్టే ముస్లిం, తాను మంచివాడినని రుజువు చూపించుకోడానికి వచ్చినవాడిలా నిలబడాలి.

ఇలా కాకుండా మరోలా జరిగిన ఊరు వొకటుంది. ఠాణే జిల్లాలోని భివండీ. అది మన తెలుగువాళ్లకి పరాయిదేం కాదు. తెలంగాణ పల్లెల్లో చేనేత చితికిపోయి పద్మశాలీలు పొట్ట చేతపట్టుకుని వలసపోయిన పవర్‌లూముల ఊరది. వాళ్ల కంటే చాలా ముందే, 1857 తర్వాత, ఉత్తరాది నించి మోమిన్ జులాహాలు అక్కడికి చేరారు. జులాహా అన్నా సాలె అన్నా చేతిలో వున్నది నూలే. ఈ సంగతి దంగల గురించి రాసేవాళ్లు చాలామందికి పట్టదు.

1970 మే 7న శివాజీ జయంతి జులూసుతో అక్కడ మంటలు లేచాయి. జల్గావ్, మహాడ్‌లకీ పాకాయి. జస్టిస్ మదన్ కమిషన్ విచారణ జరిపింది. జులూసులో మాకు వ్యతిరేకంగా ఇచ్చిన నినాదాల గురించీ, పోలీసుల దర్యాప్తులో పక్షపాతం గురించీ రాసింది. రాసింది రాసినట్టే వుండిపోయింది. 1984 మేలో మళ్లీ కాలింది. ఈసారి ముంబయి, ఠాణేలతో కలిపి 250 మందికి పైగా ప్రాణాలు పోయాయి.

1988లో సురేశ్ ఖోపడే అక్కడికి డిప్యూటీ పోలీస్ కమిషనర్‌గా వచ్చాడు. ఊరంతటికీ వొక కమిటీ కాకుండా మొహల్లా మొహల్లాకీ వొకటి వేయించాడు. దాదాపు 70 కమిటీలు. హిందువులూ ముస్లింలూ కలిసి కూర్చోవాలి, పోలీసు కూడా అక్కడికే రావాలి. గొడవైనప్పుడు కాదు, గొడవ లేనప్పుడు. మాట్లాడింది మత సామరస్యం గురించి కాదు. పక్కింటి పోరు, గోడ తగాదా, మొగుడూ పెళ్లాల పంచాయితీ, కేసు కట్టేంత పెద్దవి కాని చిన్న చిన్న ఫిర్యాదులు. చూడ్డానికి అల్పమైన విషయాలే. కానీ మొహల్లాలో పుకారు పుట్టేది వీటి చుట్టూనే. నెలనెలా ఎదురుపడే మనిషి గురించి ఎవడో వచ్చి అబద్ధం చెబితే, వెళ్లి అతన్నే అడగొచ్చు. మొహం తెలీని వాడి గురించైతే ఏం చెప్పినా నమ్ముతాం.

మా లెక్కలో ఇంకో సంగతి దీనికంటే పెద్దది. అక్కడ ముస్లిం అనుమానితుడుగా కాక, ఆ వీధి మనిషిగా కూర్చున్నాడు. 'నీ మొహల్లాకి ఏం కావాలి' అని అతన్ని అడిగారు.

1990 డిసెంబరులో హైదరాబాద్ పాతబస్తీలో వందమందికి పైగా చనిపోయారు. భివండీ కాలలేదు. బాబ్రీ మసీదు కూల్చాక, 1992 డిసెంబరులో, 1993 జనవరిలో ముంబయిలో 900 మంది చనిపోయారనీ, వాళ్లలో 575 మంది ముస్లింలనీ శ్రీకృష్ణ కమిషన్ లెక్క తేల్చింది. పక్కనే వున్న భివండీ అప్పుడూ కాలలేదు. ముంబయిలో మొహల్లా కమిటీల ఉద్యమం మొదలైంది ఆ తర్వాత, 1994లో.

లౌకికవాద మిత్రులు ఇదంతా వొక మంచి ఆఫీసరు పుణ్యమంటారు. ఆయన చొరవ లేకపోతే మొదలయ్యేది కాదు, నిజమే. కానీ రాత్రుళ్లు గల్లీ మొగలో నిలబడింది ఆయనొక్కడే కాదు గదా. ఆ పేర్లు ఏ పుస్తకానికీ ఎక్కవు.

ఇంకో చేదు సంగతీ చెప్పాలి. 2006లో అదే భివండీలో కబరస్తాన్ పక్క జాగాలో పోలీస్ స్టేషన్ కట్టబోతే ముస్లింలు అడ్డుకున్నారు. జూలై 5న పోలీసు కాల్పుల్లో ఇద్దరు పోయారు. ఆ రాత్రే వొక గుంపు ఇద్దరు కానిస్టేబుళ్లని చంపేసింది. అది హిందూ ముస్లిం దంగా కాదు. వొక జాగా గురించీ, అక్కడ లేచే గోడ గురించీ మొదలైన తగాదా. ఖోపడే రోజుల్లో కమిటీల ముందుకి వచ్చినవి సరిగ్గా ఇలాంటివే.