చిత్తూరు నుంచి కేంబ్రిడ్జి ఎంత దూరం?

మొన్న శనివారం రాత్రి మా ఇంట్లో ఒక చిన్న పార్లమెంటు సమావేశం జరిగింది. మా మనవరాలిని ఒక సెమిస్టరు చదువుకు జర్మనీ పంపాలా, వద్దా అన్నది చర్చనీయాంశం. అధికారపక్షం మా అబ్బాయి. ప్రతిపక్షం ఆ పిల్ల. మా కోడలు తటస్థం. అంటే మనిషి వంటింట్లోనూ, చెవులు హాల్లోనూ పెట్టి పోపు మాడ్చిందన్నమాట. ఇక నేను స్పీకర్ని. ఎత్తు కుర్చీ నాదే గానీ, నా మాట ఎవరూ వినరు.

"ఆర్నెల్ల చదువుకు అంత దూరం ఎందుకమ్మా? ఇక్కడ లేని పాఠం అక్కడేముంటుంది?" అన్నాడు మావాడు. సెమిస్టరంటే లాటిన్ భాషలో ఆర్నెల్లనే అర్థంట. అంతవరకు వాడి లెక్క సరే. "రాధాకృష్ణన్ గారు ఏ దేశం పోయి చదువుకున్నారు? మన తిరుపతి బళ్ళో చదివి రాష్ట్రపతి కాలేదా?" అని కూడా అన్నాడు.

పిల్ల నా వైపు తిరిగి, "అవ్వా, నువ్వైనా చెప్పు" అంది.

చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. అక్కడ చెప్పినదీ, చెప్పలేక మింగినదీ మీకు చెబుతాను.

నేను పుట్టి పెరిగింది చిత్తూరులో. ఊరికి ఆనుకునే కట్టమంచి. ఇప్పుడు ఊళ్ళో కలిసిపోయింది. అక్కడ 1880లో పుట్టినాయనే కట్టమంచి రామలింగారెడ్డి గారు. అందరూ సి.ఆర్. రెడ్డి అంటారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుతుండగానే పోటీకి 'ముసలమ్మ మరణము' రాసి బహుమతి కొట్టేశారు. అనంతపురం పక్క బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతుంటే, ఊరిని కాపాడడానికి తనను తాను బలి ఇచ్చుకున్న ఒక కోడలి కథ అది. పేరు ముసలమ్మే గానీ, మనిషి పడుచుది.

ఆ తర్వాత 1902లో ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద ఆయన ఇంగ్లండు వెళ్ళి, కేంబ్రిడ్జిలో సెయింట్ జాన్స్ కాలేజీలో చేరారు. అప్పటికింకా చిత్తూరు జిల్లానే లేదు. ఉత్తర ఆర్కాటు జిల్లా అనేవారు. మన జిల్లా ఏర్పడింది 1911లో. విమానాలు లేని రోజులు. వారాల తరబడి ఓడ ప్రయాణం. ఇంటి నుంచి ఉత్తరం రావాలన్నా అంతే. పైగా సముద్రం దాటితే ఆచారం చెడిందనే కాలం. 1888లో లండను ప్రయాణమైనందుకు గాంధీగారిని కులపెద్దలు వెలివేశారంటే, మామూలు వాళ్ళ సంగతి చెప్పాలా!

కేంబ్రిడ్జిలో రెడ్డిగారు చరిత్ర చదివారు. అక్కడ ఏడాదికి మూడు టర్ములు. ఒక్కొక్కటి ఎనిమిది వారాలే. పాఠాలు ఒక ఎత్తయితే, విద్యార్థుల వాదోపవాదాల సభ ఒక ఎత్తు. యూనియన్ సొసైటీ అంటారు దాన్ని. మంత్రులు కావలసినవాళ్ళు నోరు తిప్పడం నేర్చుకునే చోటు. ఆ సభకు మన చిత్తూరు యువకుడు ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. భారతీయుల్లో ఆ పదవి అందుకున్న తొలి మనిషి ఆయనే. మనల్ని ఏలుతున్న దొరల బిడ్డలు, ఒక భారతీయుణ్ణి తమ సభకు పెద్దగా కూర్చోబెట్టారంటే, అది పుస్తకంలో దొరికే పాఠమా?

సరే, వెళ్ళినాయన ఏం తెచ్చారు? సూటూ బూటూ ఎవరైనా తెస్తారు. ఈయన బరోడాలో, మైసూరు మహారాజా కాలేజీలో పాఠాలు చెప్పారు. తెలుగులో అర్థశాస్త్రం రాశారు. 1914లో 'కవిత్వతత్త్వ విచారము' అచ్చువేసి, పింగళి సూరన గారి 'కళాపూర్ణోదయా'న్ని కొత్త కళ్ళతో చూపించారు. పండితులు గగ్గోలు పెట్టారు. మేము బి.ఏ.లో ఆ పుస్తకం చదువుతుంటే, మాకు పాఠం చెప్పే పంతులుగారికి కూడా ఆయన మీద సగం కోపం, సగం మురిపెం. సముద్రాలు దాటి వెళ్ళిన మనిషి, తిరిగొచ్చి మన ఇంటి పెట్టెలోని నగనే తీసి తుడిచి చూపించినట్టు అనిపించేది నాకు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుడితే మొదటి ఉపాధ్యక్షుడు ఆయనే. తర్వాత సత్యాగ్రహుల మీద ప్రభుత్వం సాగించిన దమనకాండకు నిరసనగా ఆ పదవిని గడ్డిపోచలా వదిలేశారు.

ఆయన కుర్చీలో 1931లో వచ్చి కూర్చున్నదెవరనుకున్నారు? మావాడు సాక్ష్యానికి పిలిచిన రాధాకృష్ణన్ గారే!

ఆయనదీ మన సీమే. పుట్టింది తిరుత్తణిలో. 1960 దాకా ఆ ఊరు చిత్తూరు జిల్లాలోనే ఉండేది. తిరుపతిలో హెర్మన్స్‌బర్గు మిషన్ బడిలో చదివారు. తర్వాత వేలూరు, ఆ పైన అదే మద్రాసు క్రిస్టియన్ కాలేజీ. స్కాలర్‌షిప్పుల మీద నెట్టుకొచ్చిన చదువు. విద్యార్థిగా సముద్రం దాటింది లేదు. 1926లో కేంబ్రిడ్జి, హార్వర్డు సభలకు వెళ్ళింది మాట్లాడడానికే. 1936లో ఆక్స్‌ఫర్డులో ఆచార్యపదవి అందుకున్నారు. వాల్తేరులో ఆయన ఖాళీ చేసిన కుర్చీలోకి మళ్ళీ రెడ్డిగారే వచ్చారు. వెళ్ళి నేర్చుకున్నాయనా, ఇక్కడే నేర్చుకుని అక్కడ నేర్పినాయనా ఒకే కుర్చీని ఒకరి తర్వాత ఒకరు మోశారు.

"చూశావా! పోకపోయినా గొప్పవాళ్ళు కావచ్చు" అన్నాడు మావాడు, గెలిచినట్టు.

"ఒరే నాయనా, ఆ హెర్మన్స్‌బర్గు ఎక్కడుందో తెలుసా? జర్మనీలో. నీ కూతురు పోతానంటున్న హనోవరుకు ఉత్తరాన. ఆ దేశమే తిరుపతికి వచ్చి బడి పెట్టి ఆయనకు చదువు చెప్పింది" అన్నాను.

పిల్ల చప్పట్లు కొట్టింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. గొంతులో ఏదో అడ్డుపడింది.

కేంబ్రిడ్జి కథలో ఇంకో ముక్క ఉంది. ఆడపిల్లల కోసం అక్కడ 1869లో గిర్టన్, 1871లో న్యూన్‌హామ్ కాలేజీలు వెలిశాయి. పరీక్షలు రాయనిచ్చేవారు, పట్టా మాత్రం ఇచ్చేవారు కాదు. ఇద్దామా వద్దా అని 1897లో ఓట్లు పెడితే, సైకిలెక్కిన ఆడపిల్ల బొమ్మను వీధిలో వేలాడదీసి మగపిల్లలు గోల చేశారు. వద్దన్నవాళ్ళే గెలిచారు. రెడ్డిగారు అక్కడికి చేరింది సరిగ్గా అయిదేళ్ళకు. భారతీయుడు ఉపాధ్యక్షుడైన ఆ సభలో ఆడవాళ్ళకు సభ్యత్వం 1963 దాకా లేదు. పట్టాలు 1948లో గానీ ఇవ్వలేదు. ఇంగ్లండు దొరసానుల గతే అలా ఉంటే, మన సంగతి అడగాలా?

నా సంగతి చెబుతాను. 1972లో చిత్తూరులో బి.ఏ. ప్యాసయ్యాను. తెలుగు ఎం.ఏ. చేయాలని ఆశ. తిరుపతిలో విశ్వవిద్యాలయం 1954 నుంచీ ఉంది. చిత్తూరికీ తిరుపతికీ డెబ్బై కిలోమీటర్లు. "అంత దూరం హాస్టల్లో ఉంచి చదివిస్తామా?" అన్నాడు మా నాయన. మంచివాడే. నా మీద పంచప్రాణాలూ పెట్టుకున్నవాడే. మరుసటి ఏడు నాకు పెళ్ళి చేశాడు. ఎక్కడికో తెలుసా? తిరుపతికి! చదువుకు దూరమైన ఊరు కాపురానికి దగ్గరయింది. 1983లో ఇదే ఊళ్ళో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం పెట్టేనాటికి, నేను పిల్లలకు క్యారియర్లు కడుతున్నాను.

ఊరి కోసం ఆడపిల్ల చెరువుకట్టలో కలిసిపోతే కావ్యం రాస్తారు. ఊరు దాటి చదువుకుంటానంటే మాత్రం, "ఎందుకమ్మా" అంటారు.

ఇదంతా సభలో చెప్పలేదు. చివరికి ఒక్క మాటే అన్నాను. "వాళ్ళిద్దరిలో ఒకాయన పోయినాడు, ఒకాయన పోలేదు. పోవద్దని తలుపేసినవాళ్ళు ఇద్దరికీ లేరు. పోకపోవడం వేరురా, పోనీకపోవడం వేరు. నాకు రెండోది తెలుసు."

మావాడు నా మొహం వంక చూశాడు. తన తల్లికి ఎం.ఏ. మీద ఆశ ఉండేదని వాడికి యాభై ఏళ్ళకు తెలిసింది. తప్పు వాడిది కాదు. నేనెప్పుడూ చెప్పలేదు. మీరైనా మీ పిల్లలకు చెప్పారా?

తీర్మానం ఏదీ జరక్కుండానే సభ వాయిదా పడింది. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ మావాడు, "అక్టోబరుకే అక్కడ చలి మొదలవుతుందంటమ్మా. ఉన్నికోటు ఇక్కడ కొనాలో, అక్కడ కొనుక్కోవాలో" అన్నాడు.

మా కోడలు పొయ్యి దగ్గరనుంచి గబుక్కున ఇటు తిరిగింది. పోపు మళ్ళీ మాడింది. నేనేమీ మాట్లాడలేదు. స్పీకరు మాట్లాడకూడదు కదా!