ఉప్పుగాలికి ఓర్చిన కెమెరాలు

2005 అక్టోబరులో జపాన్ కెమెరా కంపెనీలకు గడ్డుకాలం వచ్చింది. కెనాన్, ఫ్యూజీ, కొనికా మినోల్టా, సోనీ ఒకదాని వెనక ఒకటి ప్రకటనలు ఇచ్చాయి. తమ మోడళ్లు కొన్నింటిలో బొమ్మ వంకర్లు పోతున్నా, అసలు బొమ్మే పడకపోయినా ఉచితంగా బాగుచేసి ఇస్తామన్నాయి. లోపం ఒకే చోట ఉంది: సోనీ తయారుచేసి మిగతా కంపెనీలకూ అమ్మిన సీసీడీ అనే సెన్సార్‌లో. దాని లోపలి సన్నని తీగల అతుకు ఊడిపోతోంది. అదీ ముఖ్యంగా వేడి, తేమ ఎక్కువగా ఉన్నచోట్ల.

వేడి, తేమ ఎక్కువగా ఉన్నచోటు అంటే కోనసీమ చిరునామా రాసినట్టే. ఒకపక్క గౌతమి, ఇంకోపక్క వశిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణాన సముద్రం, ఊరూరా పంట కాలువలు, కొబ్బరి నీడ. బీరువాలో దాచిన పట్టుచీరకే వాసన పట్టే చోట కెమెరా ఏపాటిది? అమలాపురంలోనైనా, రాజోలులోనైనా, కొత్తపేటలోనైనా తక్కువ ధరలో మంచి కెమెరా ఏదని ప్రతి తరమూ అడిగింది. జవాబు చెప్పింది మాత్రం కంపెనీ కాగితాలు కాదు. గాలి, నీరు, కరెంటు, రీలు కడిగే చోటు ఎంత దూరమన్నది.

మొదట్లో ఇది ఇంటి సరుకే కాదు. 1880ల్లో సికింద్రాబాదు స్టూడియో నడిపిన లాలా దీన్‌దయాళ్ కాలంలో ఫోటో అంటే నవాబులకు, దొరలకు, జమీందారులకు. ఆ తర్వాత చాలాకాలం మామూలు కుటుంబానికి ఫోటో అంటే స్టూడియోనే. రంగుల తెర ముందు బిగుసుకుని నిలబడి, పెళ్లికొకటి, పిల్లాడి పుట్టువెంట్రుకలకొకటి తీయించుకుంటే గొప్ప.

ఆ పరిస్థితిని మార్చినవాటిలో ముందు చెప్పాల్సింది ఆగ్ఫా క్లిక్ త్రీ. బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ తయారుచేసిన నల్లటి ప్లాస్టిక్ డబ్బా అది. సెల్స్ లేవు. మీటరు లేదు. ఎండకో గుర్తు, మబ్బుకో గుర్తు, అంతే. 120 రీలు ఎక్కిస్తే 12 ఫోటోలు, ఒక్కొక్కటి ఆరు సెంటీమీటర్ల చదరం. నెగెటివే అంత పెద్దది కాబట్టి ఎన్‌లార్జర్ అక్కర్లేకుండా, కాగితం మీద పరిచి అదే సైజులో ప్రింటు తీయొచ్చు. చీకటి గది, ఎర్రబల్బు, డెవలపరు, హైపో ఉన్న చిన్న స్టూడియో చాలు. రీలు కూడా స్వదేశీదే దొరికేది. 1960లో ఊటీలో పెట్టిన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో రీళ్లు, ప్రింటు కాగితం అమ్మింది.

ఈ డబ్బా గొప్పతనం దాని పేదరికంలోనే ఉంది. తేమకు చిలుము పట్టే సర్క్యూటు లేదు, ఉప్పుగాలికి ఇరుక్కుపోయే మోటారు లేదు. అద్దం మీద బూజు పడితే తుడుచుకోవడమూ తేలిక. ఫోటోలు అద్భుతంగా వచ్చేవని అనలేం. అంచులు మసక, నీడలో నిలబడ్డవాళ్ల మొహాలు నలుపు. కొబ్బరి తోటలో ఆకుల సందుల్లోంచి పడే ఎండ పొడ మొహాన్ని మచ్చలు మచ్చలుగా చేసేస్తుంది కాబట్టి, ఇక్కడ ఫోటో అంటే అందరినీ కళ్లంలోకో, కాలవగట్టు మీదికో లాక్కెళ్లాల్సిందే. పైగా ప్రతి నొక్కుడికీ డబ్బు. సంక్రాంతికి ఎక్కించిన రీలు శివరాత్రికి గాని అయిపోయేది కాదు.

గల్ఫ్ ఈ లెక్క మార్చింది. 1973 తర్వాత చమురు డబ్బుతో కువైట్, దుబాయ్, మస్కట్ పనివాళ్ల కోసం తలుపులు తెరిచాక కోనసీమ నుంచి, మరీ ముఖ్యంగా రాజోలు వైపు నుంచి, మగవాళ్లూ ఆడవాళ్లూ వేల సంఖ్యలో వెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు టేప్ రికార్డరు, సెంటుసీసాలతోపాటు పెట్టెలో కెమెరా కూడా దిగేది. దిగుమతులపై సుంకాలు మండిపోతున్న రోజుల్లో జపాన్ కెమెరా మామూలు ఇంటికి చేరిన దారి అదే. అయితే ఆ కెమెరాకు ఇక్కడ చెల్లే వారంటీ లేదు, విడిభాగాలు లేవు. పాడైతే హైదరాబాదో మద్రాసో పంపాలి. మోజు తీరేదాకా పనిచేస్తే అదృష్టం.

దేశంలోనే దొరికే 35 ఎం.ఎం. కెమెరాలు 1980ల్లో ఊపందుకున్నాయి. యాషికా ఎంఎఫ్-2లో ఫోకస్ తిప్పే పని లేదు, ఫ్లాష్ లోపలే ఉంది, సెల్స్ మామూలు పెన్సిల్ సెల్స్. 36 ఫోటోల రీలు, అదీ కలర్‌లో. 1990ల చివర వచ్చిన కోడాక్ కేబీ-10 ఇంకా చవక. సెల్స్ అవసరం ఫ్లాష్ వరకే. కలర్ రీలు మాత్రం చిన్న స్టూడియో చీకటి గదిలో తేలిగ్గా అయ్యే పని కాదు. ల్యాబున్న పట్టణానికి పంపాలి. యానాం, ఎదుర్లంక మధ్య వంతెన 2002లో గాని రాలేదు. అంతకుముందు యానాం వైపు పట్టణాలకు వెళ్లాలంటే గౌతమిని పంటు మీద దాటాల్సిందే. కెమెరా చవకే. రీలు, దాన్ని కడిగించడం, ప్రింట్లు: ఖర్చంతా అక్కడుంది. కొనేటప్పుడు ఈ లెక్క వేసుకున్నవాళ్లు తక్కువ.

ఇదే కాలంలో ఫోటో సరదా దాటి అవసరమైంది. శేషన్ హయాంలో ఎన్నికల సంఘం 1993లో ఓటరుకు ఫోటో గుర్తింపు కార్డు తెచ్చింది. గల్ఫ్ పాస్‌పోర్టులు సరేసరి. ఎన్నడూ కెమెరా ముందు నిలబడని ముసలమ్మలకు కూడా మొదటి ఫోటో అలా పడింది.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద విరుచుకుపడింది. వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరి తోటలు నేలకొరిగాయి. ప్రాణాలే పోయినచోట ఆల్బముల మాట చిన్నదే. కానీ తడిసిన కలర్ ఫోటోల గుణం ఒకటి చెప్పాలి: పైనున్న జిలాటిన్ పొర మెత్తబడి ఒకదానికొకటి అంటుకుపోతాయి, విడదీస్తే బొమ్మ ఊడొస్తుంది. నెగెటివ్ వేరే చోట ఉంటేనే మళ్లీ ప్రింటు.

ఇక డిజిటల్. కోడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ 1975లో తయారుచేసిన మొదటి నమూనా ఒక్క ఫోటోను క్యాసెట్ మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకుంది. 2010 నాటికి మన దేశంలో ఐదారు వేల రూపాయలకే నికాన్ కూల్‌పిక్స్ ఎల్ వరస, కెనాన్ పవర్‌షాట్ ఏ వరస కెమెరాలు దొరికేవి. రీలు లేదు, కడిగించడం లేదు. కొట్లో బేరమంతా మెగాపిక్సెళ్ల చుట్టూ తిరిగింది: పది ఉన్నది పన్నెండు ఉన్నదాని ముందు తలదించుకోవాలి. నిజానికి ఆల్బంలో పెట్టే నాలుగు బై ఆరు అంగుళాల ప్రింటుకు రెండు మెగాపిక్సెళ్లు చాలు. గోరంత సెన్సార్ మీద చుక్కల సంఖ్య పెంచితే సాయంకాలపు ఫోటోలో గరుకు పెరుగుతుంది తప్ప ఒరిగేదేమీ లేదు.

అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. మొదటిది సెల్స్. కరెంటు కోతల రోజుల్లో చార్జరుతో నడిచే సన్నపాటి సోనీ సైబర్‌షాట్ కన్నా, పెన్సిల్ సెల్స్‌తో నడిచే మొద్దు కెమెరా మేలు. అయితే మామూలు కిరాణా కొట్టు సెల్స్ వేస్తే పట్టుమని పాతిక ఫోటోలైనా తీయకుండా చచ్చిపోయేవి. మళ్లీ చార్జ్ చేసుకునే నికెల్ సెల్స్ రెండు జతలు కొనుక్కున్నవాడే తెలివైనవాడు. రెండోది కార్డు. సోనీది మెమరీ స్టిక్, ఫ్యూజీ, ఒలింపస్‌లది ఎక్స్‌డీ, తక్కినవాటిలో ఎక్కువ ఎస్‌డీ. ఊళ్లో స్టూడియోవాడి రీడరులో ఏది పడుతుందో చూసుకోకుండా కొంటే ప్రింటుకు తిప్పలే. మూడోది తేమ. 2005 సీసీడీ జాబితాలో కెనాన్ ఏ70 లాంటి మధ్యతరగతి కెమెరాలే ఉన్నాయి. లెన్సు బయటికి తోసుకొచ్చే కెమెరాలకైతే సముద్రపు ఇసుక ఒక్క రేణువు చాలు. అంతర్వేది తీర్థంలో బయటికొచ్చిన లెన్సు మళ్లీ లోపలికి పోకపోవచ్చు. భద్రంగా ఉంటుందని తోలు సంచిలో పెట్టడం ఇంకో పొరపాటు. తోలు తడిని పట్టి ఉంచుతుంది, బూజు అక్కడే మొదలవుతుంది.

ఈ కెమెరాల అసలు బలహీనత తెలియాలంటే కనుమనాడు జగ్గన్నతోట వెళ్లాలి. పదకొండు ఊళ్ల ప్రభలు, అంటే దేవుణ్ణి ఊరేగించే ఎత్తైన అలంకరణ చట్రాలు, అక్కడ చేరతాయి. గంగలకుర్రు ప్రభలను కౌశిక కాలువ నీళ్లలో దింపి భుజాల మీద దాటిస్తారు. ఆ క్షణం కోసం బటన్ నొక్కితే, చవక డిజిటల్ కెమెరా ఫోకస్ చూసుకుని ఫోటో తీసేలోగా ప్రభ ముందుకు సాగిపోయేది. తెరలో మిగిలేది ఎవరిదో చెయ్యి, అరచెక్క ప్రభ. ఈ ఒక్క విషయంలో క్లిక్ త్రీయే నయం. మీట నొక్కిన క్షణానే ఫోటో పడేది.

2010లో ప్రపంచమంతటా కలిపి 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు అమ్ముడయ్యాయి. ఆ తర్వాత అంతా దిగుడే. 2012 జనవరిలో కోడాక్ దివాలా కోర్టు మెట్లెక్కింది, తర్వాత ఊటీ ఫిల్మ్ కర్మాగారమూ మూతపడింది, ఫోన్లు మిగతా పని పూర్తిచేశాయి. పాత కాంపాక్టులు సెల్స్ కారి, లెన్సులు బిగుసుకుని సొరుగుల్లో పడున్నాయి. ఎక్స్‌డీ కార్డు ఇప్పుడెవరూ తయారుచేయడం లేదు. 120 రీలును మాత్రం ఇంగ్లండులో ఇల్‌ఫర్డ్, అమెరికాలో కోడాక్ ఇంకా తయారుచేస్తున్నాయి. అటక మీది క్లిక్ త్రీ దించి, అద్దం తుడిచి, ఆ రీలు ఎక్కిస్తే ఫోటో పడుతుంది. కడిగించడానికి మాత్రం ఏ నగరంలోని ల్యాబుకో పోస్టులో పంపాలి.